ఆటిజం స్క్రీనింగ్‌లో అనుమానం వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా బాబుకు 22 నెలలు. టీకా కోసం తీసుకెళ్లినప్పుడు డాక్టరుగారు 20 ప్రశ్నలున్న కాగితం ఇచ్చి నింపమన్నారు. అందులో 6 మార్కులు వచ్చాయని, ఆటిజం అనుమానం ఉంది కాబట్టి పూర్తి పరీక్షలు చేయించాలని చెప్పారు. ఆ రాత్రి అదే ప్రశ్నావళిని ఇంటర్నెట్‌లో మళ్లీ నింపితే 3 వచ్చింది. బాబు చక్కగా నడుస్తాడు, కుర్చీలు ఎక్కుతాడు, పాట వినిపిస్తే ఊగుతాడు. పిలిస్తే ఒక్కోసారి తిరిగి చూస్తాడు, ఎక్కువసార్లు అసలు పట్టించుకోడు. ఏదైనా కావాలంటే నా చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కెళతాడు. ఏడాది నిండేసరికి ‘అమ్మ’, ‘టాటా’ అనేవాడు, ఇప్పుడు అనడం లేదు. మా బావగారు కూడా నాలుగేళ్ల దాకా మాట్లాడలేదని, ఇంత చిన్నవాడికి అప్పుడే ముద్ర వేయించవద్దని, మూడేళ్లు నిండాక చూద్దామని మావారు, అత్తయ్యగారు అంటున్నారు. తినిపించేటప్పుడు నేను ఫోను చూపించడం వల్లే ఇలా అయిందని కూడా అంటున్నారు. ఆ పరీక్షల్లో ఏం చేస్తారు? వాడు కొత్తవాళ్ల దగ్గరకు వెళ్లడు. అక్కడ ఏడిస్తే ఫలితం తప్పుగా రాదా? అసలు ఈ వయసులో నిజంగా తెలుస్తుందా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీరు రాసిన వివరాలన్నీ చదివాక ముందుగా ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఆ ప్రశ్నావళిలో 6 వచ్చినంత మాత్రాన మీ బాబుకు ఆటిజం ఉన్నట్లు నిర్ధారణ కాలేదు. అయితే, నిర్ధారణ కాలేదు కదా అని మూడేళ్లు నిండేవరకు ఆగడం మాత్రం సరికాదు. మార్కుల సంగతి పక్కన పెట్టినా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన వాక్యం వేరే ఉంది. ఏడాది వయసులో వచ్చిన మాటలు ఇప్పుడు అనడం లేదని మీరు రాశారు. వచ్చిన మాటలను గానీ, చెయ్యి ఊపడం, చప్పట్లు కొట్టడం లాంటి సైగలను గానీ పిల్లలు కోల్పోతే, అది ఏ వయసులో జరిగినా సరే, చూద్దాంలే అని వదిలేయదగిన విషయం కాదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొంతమందికి రెండో ఏడాదిలో ఇలా జరుగుతుంది. వినికిడి తగ్గడం వల్ల, అరుదుగా మూర్ఛకు సంబంధించిన జబ్బుల వల్ల కూడా జరగవచ్చు. కారణం ఏదైనా ఇప్పుడే వెతకవలసిందే. ఈ సంగతి డాక్టరుగారికి చెప్పారో లేదో మీరు రాయలేదు. చెప్పకపోయి ఉంటే ఆలస్యం చేయకుండా ఫోను చేసి చెప్పండి. మాటలు ఎప్పటి నుంచి తగ్గాయో, అప్పట్లో జ్వరం, చెవి నొప్పి, ఫిట్స్ లాంటివి ఏమైనా వచ్చాయో గుర్తు చేసుకుని చెప్పండి.

ఇక ప్రశ్నావళి సంగతి. బాబు వయసును, ప్రశ్నల సంఖ్యను బట్టి చూస్తే మీ చేతికిచ్చినది ఎం-చాట్-ఆర్ అయి ఉండాలి. 16 నుంచి 30 నెలల వయసున్న పిల్లల కోసం అమెరికాలో డయానా రాబిన్స్, ఆమె సహచరులు దీనిని రూపొందించారు. తొలి రూపం 2001లో వెలువడింది. ఇప్పుడు వాడుతున్న సవరించిన రూపంపై పెద్ద అధ్యయనం 2014లో వచ్చింది. ఇందులో 0 నుంచి 2 వరకు వస్తే ప్రస్తుతానికి ఆందోళన తక్కువ అని అర్థం. 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నేరుగా పూర్తి పరీక్షలకు పంపుతారు. 3 నుంచి 7 మధ్య వచ్చినప్పుడు మాత్రం రెండో దశ ఒకటి ఉంటుంది. ఏ ప్రశ్నల దగ్గర సందేహం వచ్చిందో ఆ ప్రశ్నలను మాత్రమే తీసుకుని, తల్లిదండ్రులను ఎదురుగా కూర్చోబెట్టి, ఉదాహరణలతో సహా మళ్లీ అడుగుతారు. అలా అడిగాక కూడా రెండు లేదా అంతకన్నా ఎక్కువ ప్రశ్నల్లో సందేహం మిగిలితే అప్పుడు పూర్తి పరీక్షలకు పంపుతారు. మీ ఉత్తరంలో ఈ రెండో దశ ప్రస్తావన లేదు. రద్దీగా ఉండే ఆసుపత్రుల్లో చాలాసార్లు జారిపోయేది ఇదే. మీ డాక్టరుగారిని అడిగి ఆ సంభాషణ జరిపించుకోవడం మీ హక్కు. అయితే మీ బాబు మాటలు కోల్పోయాడు కాబట్టి, ఆ సంభాషణ కోసం పూర్తి పరీక్షలను మాత్రం ఆపకండి.

ఆసుపత్రిలో 6, ఇంట్లో 3 ఎందుకు వచ్చిందని మీరు మథనపడుతున్నారు. గమనించండి, 6 అయినా 3 అయినా రెండూ ఒకే శ్రేణిలోకి వస్తాయి. రెండింటికీ తర్వాత చేయవలసిన పని ఒకటే. తేడా ఎందుకు వస్తుందో ఊహించడం కూడా కష్టం కాదు. ఆ ప్రశ్నావళి పైన ఒక సూచన ఉంటుంది: పిల్లవాడు మామూలుగా ఎలా ఉంటాడో దానిని బట్టి జవాబు ఇవ్వాలి, ఏదైనా పనిని ఒకటి రెండుసార్లు మాత్రమే చేసి, మామూలుగా చేయకపోతే ‘లేదు’ అని గుర్తు పెట్టాలి. రాత్రి ఒంటరిగా కూర్చుని, భయంతో, ప్రతి ప్రశ్న దగ్గరా ఆగి, ఫలానా రోజు ఒకసారి చేశాడు కదా అని వెతుక్కునే తల్లి ‘అవును’ వైపు మొగ్గడం సహజం. అందులో తప్పేమీ లేదు. కానీ మీ మనసు వెతికిన ఆ ఒక్కసారి, ఆ ప్రశ్నావళి అడుగుతున్నది కాదు. మరో చిక్కు కూడా ఉంది. మిగతా ప్రశ్నలకు ‘లేదు’ అంటే మార్కు పడుతుంది గానీ మూడు ప్రశ్నలకు మాత్రం ‘అవును’ అంటేనే పడుతుంది. చెవులు వినపడవేమోనని ఎప్పుడైనా అనుమానించారా, కళ్ల దగ్గర వేళ్లను వింతగా ఆడిస్తాడా, రోజూ వినే చప్పుళ్లకు కలవరపడతాడా అన్నవి ఆ మూడు. సొంతంగా లెక్కవేసుకునేవారు ఇక్కడ పొరబడే అవకాశం ఉంది. కాబట్టి ఇంక దానిని మళ్లీ మళ్లీ నింపకండి.

ఈ మార్కులకు ఎంత విలువ ఇవ్వాలో అంకెల్లో చెబితే మీకు కొంత తేలిక పడవచ్చు. 2014 నాటి అధ్యయనంలో 16,000 మందికి పైగా పిల్లలను చూశారు. రెండు దశల తర్వాత కూడా అనుమానం మిగిలిన పిల్లలను పూర్తిగా పరీక్షిస్తే, వారిలో సుమారు 47 శాతం మందికి ఆటిజం ఉన్నట్లు తేలింది. అంటే దాదాపు సగానికి సగం మందికి ఆటిజం లేదు. కానీ అదే పిల్లల్లో సుమారు 95 శాతం మందికి ఆటిజమో, మాటల ఆలస్యమో, ఇతర ఎదుగుదల సమస్యో, ఏదో ఒకటి ఉండి సాయం అవసరమైంది. ఈ రెండో అంకెను మీవారికి తప్పకుండా చూపించండి. ఆటిజం కాకపోతే పరీక్ష వృథా అన్న భావన ఎంత తప్పో ఇది చెబుతుంది. దీనికి మరో వైపు కూడా ఉంది. ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, తర్వాతి కాలంలో ఆటిజం ఉన్నట్లు తేలిన పిల్లల్లో సుమారు 39 శాతం మందిని మాత్రమే ఈ ప్రశ్నావళి ముందుగా పట్టుకోగలిగింది. కాబట్టి మీకు ఇంట్లో 3 కాకుండా 1 వచ్చి ఉన్నా, మాటలు పోయాయన్న ఒక్క కారణంతో నేను మీకు ఇదే సలహా ఇచ్చేదానిని. తల్లి కళ్లారా చూసినదాన్ని ఏ కాగితమూ కొట్టివేయలేదు.

మీ బావగారి ఉదాహరణ గురించి. మాట ఆలస్యంగా వచ్చినా తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా ఎదిగిన పిల్లలు నిజంగానే ఉన్నారు. మీ ఇంట్లోవారు అబద్ధం చెప్పడం లేదు. కానీ అలాంటి పిల్లలు సాధారణంగా మాట లేకపోయినా మిగతా దారులన్నీ వాడుకుంటారు. కావలసినదాన్ని వేలితో చూపిస్తారు, అడిగినదానికి తల ఊపుతారు, చెప్పింది అర్థం చేసుకుంటారు, కొత్త వస్తువు కనిపిస్తే ఒకసారి దానివైపు, ఒకసారి మీ ముఖంవైపు చూస్తారు. వారికి లేనిది మాట ఒక్కటే, ఎదుటి మనిషితో ఏదైనా పంచుకోవాలన్న ఆరాటం కాదు. అందుకే మేము పరీక్షించేటప్పుడు ఎన్ని మాటలు వచ్చో అడిగే ముందు వేలితో చూపిస్తాడా అని అడుగుతాం. అందులోనూ రెండు రకాలు ఉన్నాయి. కావలసినదాన్ని తెచ్చివ్వమని చూపించడం ఒకటి. తనకేమీ అక్కర్లేకపోయినా, ఆకాశంలో విమానం పోతుంటే మీరు కూడా చూడాలని చూపించడం రెండోది. ఆటిజం ఉన్న పిల్లల్లో ఈ రెండోది చాలా ఆలస్యంగా వస్తుంది, కొంతమందిలో చాలాకాలం రాదు. సాధారణంగా ఏడాదిన్నర వయసుకల్లా పిల్లలు ఇలా చూపిస్తుంటారు. మీ బాబు చెయ్యి పట్టుకుని లాక్కెళతాడని రాశారు. ఈసారి అలా లాక్కెళ్లినప్పుడు ఒకటి గమనించండి. మీ చేతిని ఆ వస్తువు మీద పెట్టి ఊరుకుంటాడా, లేక మధ్యలో ఒకసారైనా మీ కళ్లలోకి చూస్తాడా? ఏది చేసినా మీరు తీర్పు చెప్పవద్దు. గమనించింది రాసి పెట్టుకుని పరీక్ష రోజున చెప్పండి.

ఇంకో మాట. ఆటిజంలోను, మాటల ఆలస్యంలోను వంశపారంపర్య ప్రభావం బలంగా ఉంటుంది. బావగారు నాలుగేళ్ల దాకా మాట్లాడలేదన్నది మీ ఇంట్లో ధైర్యం చెప్పడానికి వాడుతున్నారు గానీ, పరీక్షించే నిపుణులకు అది తప్పనిసరిగా చెప్పవలసిన కుటుంబ చరిత్ర.

పూర్తి పరీక్షల్లో మొదట జరగవలసింది వినికిడి పరీక్ష. తలుపు చప్పుడుకు తిరుగుతాడు, పాటకు ఊగుతాడు కాబట్టి చెవులు బాగానే ఉన్నాయనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. కొన్ని స్థాయుల శబ్దాలు మాత్రమే వినపడని పిల్లలు పెద్ద చప్పుళ్లకు బాగానే తిరుగుతారు, మాటల్లోని మెత్తని ధ్వనులు మాత్రం వారికి అందవు. పుట్టినప్పుడు చేసిన పరీక్షలో బాగున్నా, తర్వాత మధ్య చెవిలో నీరు చేరడం వల్ల వినికిడి తగ్గవచ్చు. ఆడియాలజిస్ట్ (వినికిడి నిపుణులు) దగ్గర ఓఏఈ అనే చెవి లోపలి స్పందనను చూసే పరీక్ష, అవసరమైతే శబ్దం మెదడుకు చేరుతోందో లేదో చూసే బెరా పరీక్ష చేస్తారు. బెరాకు పిల్లవాడు నిద్రపోవాలి, నొప్పి ఏమీ ఉండదు. వినికిడి లోపం, ఆటిజం రెండూ ఒకే పిల్లవాడిలో ఉండవచ్చు కాబట్టి, ఒకటి తేలిందని రెండోదానిని ఆపకూడదు.

ఆటిజాన్ని తేల్చే రక్త పరీక్ష గానీ, స్కాన్ గానీ నేటికీ లేదు. ఫిట్స్, తల పరిమాణంలో తేడా, నరాల సంబంధమైన లక్షణాలు ఉన్నప్పుడు డాక్టర్లు ఎంఆర్‌ఐ లేదా ఈఈజీ (మెదడులోని విద్యుత్ సంకేతాల పరీక్ష) అడుగుతారు. నిర్ధారణ అయ్యాక కారణం వెతకడానికి జన్యు పరీక్షలు సూచిస్తారు. అవి వేరే ప్రశ్నలకు జవాబులు. ఆటిజం ఉందా లేదా అన్నది పిల్లవాడి నడవడికను చూసి, అతని ఎదుగుదల కథను విని, అనుభవం ఉన్న నిపుణులు నిర్ణయిస్తారు. వారు డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరు) కావచ్చు, పిల్లల మానసిక వైద్యులు కావచ్చు, క్లినికల్ సైకాలజిస్ట్ కావచ్చు. వారితో స్పీచ్ థెరపిస్ట్, ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు, ఆటల్లో తర్ఫీదు ఇచ్చే నిపుణులు) కలిసి చూస్తే మరీ మంచిది. వారు ఆధారం చేసుకునే ప్రమాణాలు 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల గ్రంథం డీఎస్‌ఎం-5లో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11లో గానీ ఉంటాయి. సారాంశంలో వారు వెతికేవి రెండు. ఒకటి, ఎదుటివారితో భావాలు పంచుకోవడంలో, చూపులో, సైగల్లో, స్నేహంలో నిలకడగా కనిపించే ఇబ్బంది. రెండు, ఒకే కదలికను లేదా ఒకే ఆటను పదే పదే చేయడం, చిన్న మార్పును కూడా తట్టుకోలేకపోవడం, కొన్నింటిపై విపరీతమైన ఆసక్తి, శబ్దం, స్పర్శ, వెలుతురు లాంటి వాటికి మామూలు కన్నా ఎక్కువగానో తక్కువగానో స్పందించడం. మాట రాకపోవడం ఒక్కటే ఈ నిర్ధారణకు చాలదు. మీ ఉత్తరంలో రెండో కోవకు చెందిన విషయాలేమీ లేవు. లేకపోవడం వల్ల రాయలేదో, తోచక రాయలేదో నాకు తెలియదు కాబట్టి వాటిని కూడా గమనించి పెట్టుకోండి.

ఆ గదిలో ఏం జరుగుతుందో మీరు ప్రత్యేకంగా అడిగారు. ముందు మీతో చాలాసేపు మాట్లాడతారు. గర్భం దాల్చినప్పటి నుంచి నేటి వరకు, ఎప్పుడు నవ్వాడు, ఎప్పుడు కూర్చున్నాడు, పిలిస్తే పలకడం ఎప్పుడు మొదలైంది, ఏమి ఆడతాడు, ఎలా నిద్రపోతాడు అని వివరంగా అడుగుతారు. తర్వాత బాబుతో ఆడతారు. చాలా చోట్ల వాడే విధానం ఏడాస్-2, అంటే ఆటల ద్వారా ఆటిజం లక్షణాలను గమనించే పరీక్ష. ఇందులో 12 నుంచి 30 నెలల పిల్లల కోసం ప్రత్యేకమైన విభాగం ఉంది. అది 40 నిమిషాల నుంచి గంట వరకు సాగుతుంది, తల్లో తండ్రో గదిలోనే ఉంటారు. చూసేవారికి అది పరీక్షలా కనిపించదు. నేల మీద బొమ్మలు, బంతి, సబ్బు బుడగలు, బెలూను ఉంటాయి.

ఒక్క బుడగల ఆటనే తీసుకుందాం. పరీక్షించేవారు బుడగలు ఊదుతారు, పిల్లవాడికి ఆట రుచి తెలిశాక ఆపేసి, ఏమీ మాట్లాడకుండా వేచి ఉంటారు. ఒక పిల్లవాడు ఆగిపోయిన బుడగల వైపు చూసి, ఊదినవారి ముఖంలోకి చూసి, మళ్లీ సీసా వైపు చూసి, ‘ఊ’ అంటాడు. మాట లేదు, కానీ అడగవలసినదంతా అడిగేశాడు. మరో పిల్లవాడు ఊదినవారి చేతిని పట్టుకుని సీసా మీదకు తోస్తాడు, ముఖం వైపు మాత్రం చూడడు. ఇంకొకడు సీసా లాక్కుని తానే తెరవడానికి పెనుగులాడి, రాకపోతే వదిలేసి కిటికీ దగ్గరకు వెళ్లిపోతాడు. వేరొకడు బుడగలను గాని, మనుషులను గాని పట్టించుకోకుండా మూతను తిప్పుతూ కూర్చుంటాడు. ఈ నలుగురి మధ్య తేడా తెలివిలో లేదు, తనకు కావలసినది ఎదుటి మనిషి ద్వారా దొరుకుతుందన్న ఎరుకలో, ఆ మనిషిని పిలిచే తీరులో ఉంది. ఇలాంటి సందర్భాలు పదికి పైగా కల్పించి, ప్రతిదానిలోను చూపు, సైగ, ధ్వని, నవ్వు ఎలా కలిసి వస్తున్నాయో రాసుకుంటారు. ఒక సందర్భంలో విఫలమైతే ఏమీ కాదు, మొత్తం తీరు ముఖ్యం. పైగా ఈ చిన్న వయసు విభాగంలో వచ్చే ఫలితం ఉంది, లేదు అన్నట్లు ఉండదు. ఆందోళన ఏ మేరకు అన్న శ్రేణిగానే ఇస్తారు. దీనితో పాటు వయసుకు తగిన ఎదుగుదల ఉందా అని కొలిచే పరీక్ష, ఇంట్లో రోజువారీ పనుల గురించి మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ఉంటాయి. వీటన్నింటినీ కలిపి చూసిన తర్వాతే నిర్ణయం చెప్పాలి. పది నిమిషాలు చూసి, ఒక మార్కుల పట్టిక నింపి, అక్కడికక్కడే పేరు పెట్టేసేవారు ఎదురైతే మరొక చోట అభిప్రాయం తీసుకోండి.

బాబు ఏడుస్తాడని మీ భయం. కొత్త చోట ఏడవడం ఈ వయసులో మామూలే, నిపుణులకు అది తెలుసు. ఏడ్చాక మీ ఒళ్లోకి వచ్చి ఊరట పొందుతాడా, ఎలా పొందుతాడు అన్నది కూడా వారికి పనికివచ్చే సమాచారమే. నిద్ర, ఆకలి తీరిన సమయానికి అపాయింట్‌మెంట్ అడగండి, ఇష్టమైన బొమ్మ వెంట తీసుకెళ్లండి. జ్వరంగా ఉన్న రోజు వెళ్లవద్దు. పూర్తిగా కుదరకపోతే మరో రోజు రమ్మనడం మంచి కేంద్రాల్లో జరిగేదే. దీనికి మీ వైపు నుంచి చేయగల గొప్ప సాయం ఒకటి ఉంది: ఇంట్లో తీసిన చిన్న వీడియోలు. ఒంటరిగా ఆడుకుంటున్నప్పుడు, మరో పిల్లవాడు పక్కన ఉన్నప్పుడు, భోజనం దగ్గర, వెనక నుంచి పేరు పెట్టి పిలిచినప్పుడు, బాగా సంతోషంగా ఉన్నప్పుడు, ఒక్కొక్కటి ఒకటి రెండు నిమిషాలు తీయండి. బాగా చేసినవీ చేయనివీ రెండూ ఉండాలి. ఏడాది వయసులో ‘అమ్మ’, ‘టాటా’ అన్న పాత వీడియోలు దొరికితే వాటిని భద్రంగా తీసుకెళ్లండి, మాటలు ఎప్పుడు, ఎలా తగ్గాయో చెప్పడానికి వాటిని మించిన సాక్ష్యం లేదు. పరీక్షకు ముందు బాబుకు వేలు చూపించడం, టాటా చెప్పడం తర్ఫీదు ఇవ్వకండి. ఇంట్లో మీరు ఏ భాష మాట్లాడతారో ముందుగానే చెప్పి, ఆ భాష తెలిసినవారు పరీక్షించేలా చూడమని అడగండి.

ఈ వయసులో తెలుస్తుందా అంటే, అనుభవం ఉన్నవారు చూస్తే చాలామందిలో తెలుస్తుంది. కేథరిన్ లార్డ్, ఆమె సహచరులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో రెండేళ్ల వయసులో నిర్ధారణ అయిన పిల్లలను తొమ్మిదేళ్ల వరకు గమనించారు. వారిలో ఎక్కువమందికి ఆ నిర్ధారణ అలాగే నిలిచింది. కొందరి విషయంలో మారింది కూడా. అందుకే ఈ వయసులో ఇచ్చే నిర్ధారణను కొంత కాలం తర్వాత మళ్లీ పరిశీలించాలి. అమెరికాలోని పిల్లల వైద్యుల సంఘం 18, 24 నెలల వయసుల్లో పిల్లలందరికీ ఆటిజం స్క్రీనింగ్ చేయమంటోంది. ఎవరికీ ఏ అనుమానమూ లేని పిల్లలందరికీ ఇలా చేయడం వల్ల ఎంత మేలన్నది చెప్పడానికి ఆధారాలు చాలవని అదే దేశంలోని మరో నిపుణుల బృందం 2016లో తేల్చింది. ఆ చర్చ మీకు వర్తించదు, ఎందుకంటే మీ బాబు విషయంలో మీకూ డాక్టరుగారికీ ఇద్దరికీ అనుమానం కలిగింది.

ఫోను గురించి మీ మీద పడుతున్న నింద న్యాయమైనది కాదు. ఫోను చూపించడం వల్ల ఆటిజం వస్తుందని నిరూపణ కాలేదు. తల్లుల నిరాదరణ వల్లే ఆటిజం వస్తుందని 1950, 60 దశకాల్లో చదువుకున్నవారు సైతం నమ్మారు, ఎందరో తల్లులు ఆ నింద మోశారు. 1977లో సుసాన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రట్టర్ కవల పిల్లలపై ప్రచురించిన అధ్యయనం దీనిలో జన్యువుల పాత్రను స్పష్టంగా చూపింది, తర్వాతి పరిశోధనలు దానిని బలపరిచాయి. అయినా భోజనం దగ్గర ఫోను తీసేయమనే నేను చెబుతాను. కారణం వేరు: ఆ కాస్త సమయం ముఖాలు ఎదురెదురుగా ఉండే సమయం, అది మీ ఇద్దరికీ ఇప్పుడు చాలా విలువైనది. ఒక్కసారిగా లాగేసుకుంటే తినడం మానేస్తాడు, నెమ్మదిగా తగ్గించండి. టీకాల వల్ల వచ్చిందన్న మాట కూడా ఎవరో ఒకరు తప్పక అంటారు. 1998లో ఆ భయాన్ని పుట్టించిన వ్యాసాన్ని లాన్సెట్ వైద్య పత్రిక 2010లో ఉపసంహరించుకుంది. డెన్మార్క్‌లో ఆరున్నర లక్షలకు పైగా పిల్లలపై జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు. మిగిలిన టీకాలు వేళకు వేయించండి.

పూర్తి పరీక్షలకు అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు, కొన్నిచోట్ల నెలలు పట్టవచ్చు. ఈ మధ్య కాలాన్ని ఊరికే పోనివ్వకండి అన్నదే ఈ జవాబంతటిలోకీ నేను గట్టిగా చెప్పదలచుకున్నది. సాయం మొదలుపెట్టడానికి ఆటిజం అన్న పేరు ఖాయం కావలసిన అవసరం లేదు. ఆస్ట్రేలియాలో జరిపి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, తొలి లక్షణాలు కనిపించిన 9 నుంచి 14 నెలల శిశువుల తల్లిదండ్రులకు, పిల్లలతో తామెలా మెలుగుతున్నారో వీడియోలో చూపించి, పిల్లల సంకేతాలను గుర్తించి స్పందించడం నేర్పారు. ఆ పిల్లలకు మూడేళ్లు వచ్చేసరికి, ఆటిజం ప్రమాణాలకు సరిపోయినవారు వారిలో సుమారు 7 శాతం కాగా, మామూలు సేవలు మాత్రమే అందుకున్నవారిలో సుమారు 20 శాతం ఉన్నారు. పాల్గొన్న పిల్లలు వందకు కాస్త పైన మాత్రమే కాబట్టి దీనినే తుది మాటగా తీసుకోకూడదు. మీ బాబు వయసు కూడా వేరు. కానీ పేరు పెట్టకముందే తల్లిదండ్రుల ద్వారా సాయం చేయవచ్చన్న మాటకు ఇది మంచి ఆధారం.

కాబట్టి మీ డాక్టరుగారిని అడిగి స్పీచ్ థెరపిస్ట్ దగ్గరకు ఇప్పుడే వెళ్లండి. ఇంట్లో రోజూ కాసేపు నేల మీద, బాబు ముఖం మీకు కనిపించేలా ఎదురుగా కూర్చోండి. వాడు ఏది పట్టుకుంటే దానితోనే మీరూ ఆడండి, మీ చేతిలోని బొమ్మ వైపు వాడిని లాగవద్దు. బండి చక్రం తిప్పుతుంటే మీరూ తిప్పి, ‘తిరిగింది’ అని ఒక్క మాట చెప్పి ఆగండి. ఆ ఆగడం చాలా ముఖ్యం. వాడు చూడటానికో, ధ్వని చేయడానికో, మీ చెయ్యి తాకడానికో అక్కడ చోటు దొరుకుతుంది, ఏది చేసినా వెంటనే సంతోషంగా అందుకోండి. ఇదేంటి, అదేంటి అని రోజంతా ప్రశ్నలు అడగడం మానేయండి, అవి పిల్లవాడికి పరీక్షలే అవుతాయి. ఇంటర్నెట్‌లో ఆటిజాన్ని నయం చేస్తామని చెప్పే మందులు, శరీరంలోని లోహాలను తొలగించే చికిత్సలు, మూలకణాల ఇంజెక్షన్లు కనిపిస్తాయి. వాటికి ఆధారం లేదు, లోహాలను తొలగించే చికిత్స వల్ల పిల్లల ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. ఆటిజం మూల లక్షణాలను పోగొట్టే మందు ఇప్పటివరకు లేదు.

ముద్ర పడుతుందన్న మీవారి భయాన్ని నేను తేలికగా తీసుకోను. ఆ భయం ప్రేమలోంచి వచ్చినదే. కానీ పేరు పెట్టకపోయినంత మాత్రాన బాబు ఇబ్బంది పోదు. పిలిస్తే పలకని పిల్లవాడిని మొండివాడనో, పొగరనో అనే పేర్లు మాత్రం ఎవరినీ అడగకుండానే వచ్చి పడతాయి. నిపుణులు రాసిచ్చేది బాబుకు ఎక్కడ సాయం కావాలో చెప్పే పత్రం. ఎవరికి చూపించాలన్నది మీ ఇద్దరి నిర్ణయం. పరీక్షకు ఆయనను కూడా రమ్మనండి. విడిగా వెళ్లి వచ్చి మీరు చెబితే వచ్చే సందేహాలు, ఆ గదిలో తానే కూర్చుని చూస్తే చాలావరకు తీరతాయి.

రిపోర్టు ఇచ్చే రోజున ఆటిజం ఉందా లేదా అన్న ఒక్క జవాబుతో లేచి రాకండి. బాబు అర్థం చేసుకునే స్థాయి ఏ వయసుకు సమానంగా ఉంది, మాట్లాడే స్థాయి ఎంత, వాడికి బాగా వచ్చినవి ఏమిటి, ముందుగా దేని మీద పని చేయాలి, ఏ థెరపీ వారానికి ఎంతసేపు, దాని వల్ల మార్పు వస్తోందో లేదో ఎలా తెలుసుకోవాలి అని అడిగి రాయించుకోండి. ఆటిజం అని చెబితే, మళ్లీ ఎప్పుడు పరిశీలిస్తారో అడగండి. ఆటిజం కాదని చెబితే, మరి మాటలు ఎందుకు పోయాయని అడగండి, సంతృప్తికరమైన కారణం దొరకకపోతే ఆరు నెలల్లోపు మళ్లీ చూడటానికి అక్కడే తేదీ తీసుకోండి.